ఈ ఏడాది నేను చదివిన నవలల్లో మీకు ఏది సరిపోతుంది?

పోయిన డిసెంబరులో మా అక్క కూతురు ఫోన్ చేసి, "పిన్నీ, ఈ ఏడాది నువ్వు చదివినవాటిలో బాగున్నవి ఒక నాలుగు చెప్పు, తెప్పించుకుంటాను" అంది. చెప్పాను. నాలుగూ తెప్పించుకుంది. ఎండాకాలంలో షోళింగనల్లూరులో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూస్తే నాలుగూ టీవీ పక్కన ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, పైనున్న వేయిపడగలులో నలభయ్యో పేజీ దగ్గర ఒక కరెంటు బిల్లు గుర్తుగా పెట్టి ఉంది, మిగతా మూడూ తెరిచిన జాడే లేదు. తప్పు ఆ అమ్మాయిది కాదు. రాత్రి తొమ్మిది దాకా లాప్‌టాప్ ముందు కూర్చునే మనిషికి వెయ్యి పేజీల నవలతో మొదలుపెట్టమని చెప్పింది నేను. బాగున్నవేవో చెప్పాను గానీ తనకి ఎంత తీరిక ఉందో, ఏ వేళప్పుడు చదువుతుందో ఒక్క మాట అడగలేదు.

అందుకే ఈసారి జాబితా ఇవ్వను, రెండేసి నవలలు పక్కపక్కన పెట్టి ఏది ఎవరికో చెప్తాను. నేను చెన్నైలో, వడపళనిలో ఉంటాను, నవలలు రాస్తాను. రాసే రోజుల్లో పెద్దగా చదవలేను, ఈ ఏడాది ఒక పుస్తకం పూర్తయ్యి కాస్త ఖాళీ దొరికింది కాబట్టి కొన్ని కొత్తగా, చాలా పాతవి మళ్ళీ చదివాను. ఏ నవల తీసినా నేను మొదట చూసేది అందులో ఎంత కాలం గడుస్తుందన్నదే. ఒక రాత్రా, ఒక రోజా, ఇరవై ఏళ్ళా, మూడు తరాలా? రాసేవాళ్ళకి అది పెద్ద ప్రశ్న. చదివేవాళ్ళకి కూడా దానితోనే ఎంచుకోవడం సులువని నాకు ఈమధ్య గట్టిగా అనిపిస్తోంది, ఎందుకంటే ఒక్క రాత్రి కథని నెల రోజులు సాగదీసి చదివితే దాని బిగువు పోతుంది, మూడు తరాల కథని రెండు రోజుల్లో మింగితే ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా గుర్తుండదు.

ఒక్క సాయంత్రం మాత్రమే ఉందంటే కేశవరెడ్డి "అతడు అడవిని జయించాడు" తీసుకోండి. ఇంకేమీ ఆలోచించకండి. పందులు మేపుకునే ఒక ముసలాయన, ఈనడానికి అడవిలోకి పోయి తిరిగిరాని సుక్కపంది, దాన్ని వెతుక్కుంటూ పోయిన ఆ రాత్రి, అంతే కథ. పంది దొరుకుతుంది, పిల్లలతో సహా. అక్కడి నుంచి తెల్లారేదాకా వాటిని నక్కల నుంచి కాపాడుకోవడమే. చివరికి ఏమవుతుందో చెప్పను, చెప్తే నేను మీకు ద్రోహం చేసినట్టే. నేను ఈ ఏడాది దీన్ని నాలుగోసారి చదివాను, ఒక్క పని కోసం: ముసలాయన ఏమనుకుంటున్నాడో రచయిత ఎక్కడ చెప్తున్నాడు, ఎక్కడ ఊరుకుంటున్నాడు అని పెన్సిలు పెట్టి గీసుకుంటూ. ఊరుకున్న చోట్లే ఎక్కువ బలంగా ఉన్నాయి. కేశవరెడ్డిది చిత్తూరు జిల్లా, వృత్తికి డాక్టరు, నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకి వైద్యం చేశారు. మాది పుత్తూరు వైపు కాబట్టి ఆయన మాట నాకు ఇంట్లో విన్న మాటలాగే ఉంటుంది, కానీ ఆ యాస తెలియనివాళ్ళకి కూడా పది పేజీల్లో అలవాటైపోతుంది, భయపడక్కర్లేదు.

అడవి అనగానే చాలామంది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి "కొండపొలం" పేరు చెప్తారు, 2019లో తానా నవలా బహుమతి వచ్చింది, 2021లో సినిమా కూడా అయింది. రెండూ రాయలసీమ రచయితలవే, రెండింట్లోనూ మనిషి, జీవాలు, అడవి. కానీ చదివే అనుభవం పూర్తిగా వేరు. కొండపొలంలో కరువుకి గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు, చదువుకుని ఉద్యోగం దొరక్క వెనక్కొచ్చిన కుర్రాడు వాళ్ళతో వెళ్తాడు, రోజుల తరబడి అక్కడే. ఏ ఆకు మేస్తుంది, ఏ పొద్దున నీళ్ళకి తోలాలి, పులి వాసన వస్తే గొర్రెలు ఎలా బెదురుతాయి, ఇలాంటివి ఓపిగ్గా చెప్తూ పోతుంది. నవల నుంచి ఏదైనా తెలుసుకోవాలనుకునేవాళ్ళకి, ఉద్యోగం రాక ఇంట్లో కూర్చుని టెన్షన్ పడుతున్న పిల్లలకి కొండపొలం ఇవ్వండి. సినిమా చూసేశాం కదా అని వదిలేయకండి, గొర్రెల కాపరుల బతుకు పుస్తకంలోనే నిండుగా ఉంది. కథ గుండెని పట్టుకుని వదలకూడదు అనుకునేవాళ్ళకి కేశవరెడ్డి. నన్ను అడిగితే ముందు కేశవరెడ్డి, నెల తర్వాత కొండపొలం.

ఒక్క రోజు కథలు కూడా రెండు చదివాను. ఒకటి నవీన్ "అంపశయ్య", 1969 నాటిది, ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో రవి అనే విద్యార్థి పొద్దున నిద్ర లేచినప్పటి నుంచి అర్ధరాత్రి దాకా అతని బుర్రలో నడిచే ఆలోచనలు. ఆ పుస్తకం పేరే రచయిత ఇంటిపేరు అయిపోయింది. రెండోది సమంతా హార్వే ఇంగ్లీషు నవల "ఆర్బిటల్", 2024లో బుకర్ వచ్చింది, అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు, ఒక రోజు, ఆ ఒక్క రోజులో భూమి చుట్టూ 16 చుట్లు. ఒకటి చిన్న హాస్టల్ గదిలో, ఒకటి భూమి మొత్తం కిటికీలో కనిపించే చోట. ఆర్బిటల్‌లో కథ దాదాపు లేదు, రాత్రి పడుకునే ముందు ఐదారు పేజీలు మెల్లగా చదువుకునేవాళ్ళకి బాగుంటుంది, ఏదో జరగాలి అని ఎదురుచూసేవాళ్ళకి విసుగొస్తుంది. అంపశయ్య అలా మెల్లగా చదివే పుస్తకం కాదు. డబ్బుల్లేకుండా హాస్టల్లో చదువుకున్నవాళ్ళు ఎవరు చదివినా ఎక్కడో ఒకచోట పుస్తకం మూసి కాసేపు కూర్చుంటారు. మెస్ బాకీ, పరీక్ష, పక్కవాడి కొత్త చొక్కా, ఇంటి నుంచి రాని మనియార్డరు, ఇవన్నీ ఒకేసారి తలలో తిరగడం అనుభవించినవాళ్ళకి తెలుస్తుంది. నా ఓటు అంపశయ్యకే, కానీ సెలవు రోజున, పొద్దున్నే మొదలుపెట్టండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన జంట, దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. డాక్టర్ పి. శ్రీదేవి "కాలాతీత వ్యక్తులు", రావూరి భరద్వాజ "పాకుడురాళ్ళు". రెండూ మధ్యలో ఒక ఆడమనిషిని నిలబెట్టి, చుట్టూ లోకం ఆమెని ఎలా చూస్తుందో, ఆమె లోకాన్ని ఎలా వాడుకుంటుందో చెప్పే నవలలు, రెండూ పదేళ్ళు అటూ ఇటూగా వచ్చినవే. కాలాతీత వ్యక్తులు 1957-58లో మద్రాసు నుంచి వచ్చే తెలుగు స్వతంత్ర వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కథ మాత్రం విశాఖపట్నంలో. ఇందిర ఉద్యోగం చేస్తుంది, ఆమె సంపాదన మీద తండ్రి బతుకుతాడు, మేడ మీద గదిలో ప్రకాశం అనే మెడిసిన్ కుర్రాడు అద్దెకుంటాడు, తర్వాత కల్యాణి వస్తుంది. ఇందిర తనకి కావలసింది అడుగుతుంది, దొరక్కపోతే ఏడుస్తూ కూర్చోదు, ఒక్కోసారి తప్పు కూడా చేస్తుంది. ఆ రోజుల్లో ఇంకెవరు రాసినా ఆమెకి శిక్ష వేసేవాళ్ళు, లేదా చివర్లో బుద్ధి తెప్పించేవాళ్ళు. శ్రీదేవి రెండూ చేయలేదు. ఆమెని మాట్లాడనిచ్చి పక్కన నిలబడింది. ఈ నవల ఆధారంగానే 1963లో "చదువుకున్న అమ్మాయిలు" సినిమా తీశారు, ఆ సినిమా చూసి ఇందిర తెలిసిపోయిందనుకోకండి, పుస్తకంలో ఇందిర వేరే మనిషి. శ్రీదేవి 1961లోనే చిన్న వయసులో చనిపోయింది, ఈ ఒక్క నవలే రాసింది. ఇంకో రెండు రాసి ఉంటే తెలుగు నవల ఇంకోలా ఉండేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

పాకుడురాళ్ళు లావుపాటి పుస్తకం. నాటకాల్లో వేషాలు వేసే మంగమ్మ మద్రాసు వచ్చి మంజరి అనే పెద్ద తార ఎలా అయింది, పైకి ఎక్కే ప్రతి మెట్టు దగ్గరా ఏమి ఇచ్చింది, ఏమి పుచ్చుకుంది అన్నది కథ. భరద్వాజ ఏడో తరగతికి మించి చదువుకోలేదు, 2012 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్నారు, తెలుగులో విశ్వనాథ, సి. నారాయణరెడ్డి తర్వాత ఆయనే. నేను ఈ పుస్తకాన్ని ఈ ఏడాది వడపళనిలోనే కూర్చుని చదివాను, మా ఇంటికి నడిచేంత దూరంలో ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియో ఉన్న స్థలంలో ఇప్పుడు మాలు, ఆసుపత్రి ఉన్నాయి. సాయంత్రం ఆ మాలు ముందు నుంచి కూరగాయలకి వెళ్ళేటప్పుడు మంజరి కారు ఈ గేటులోంచే వెళ్ళి ఉంటుందేమో అని ఒకటికి రెండుసార్లు అనుకున్నాను, నవలలో మనిషి అని తెలిసి కూడా. అంతగా పట్టేస్తుంది. అయితే ఒక మాట: మధ్యలో చాలా పేజీలు బరువుగా నడుస్తాయి, పాత్రలు ఒకరికొకరు పెద్ద పెద్ద ఉపన్యాసాలు ఇచ్చుకుంటాయి, అక్కడ కొందరు ఆపేస్తారు. ఆపకండి, దాటితే ఫలితం ఉంటుంది.

ఏది ముందు? సంభాషణలు చురుగ్గా ఉండాలి, మనుషులు నలుగురే ఉన్నా లోతుగా తెలియాలి అనుకుంటే కాలాతీత వ్యక్తులు, వారం రోజులు చాలు. ఒక పరిశ్రమ లోపల డబ్బు, పేరు, శరీరం ఎలా చేతులు మారతాయో పూర్తిగా చూడాలనుకుంటే పాకుడురాళ్ళు, నెల పెట్టుకోండి. మద్రాసులో పెరిగిన తెలుగువాళ్ళు మాత్రం, కోడంబాకం వీధులు తెలిసినవాళ్ళు, పాకుడురాళ్ళు ముందు చదివినా నష్టం లేదు, వీధి తెలిసినప్పుడు బరువు కాస్త తగ్గుతుంది. పెళ్ళి కుదిరిన అమ్మాయికి, కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయికి పుస్తకం ఇవ్వాలంటే నేను ప్రతిసారీ కాలాతీత వ్యక్తులే ఇస్తాను. ఈ ఏడాది మూడు కాపీలు ఇచ్చాను.

ఇక పక్కింటి భాషలు. మెట్రోలో చదివే అలవాటున్నవాళ్ళకి, అంటే రోజుకి ఇటు అరగంట, అటు అరగంట దొరికేవాళ్ళకి వివేక్ శానభాగ్ "ఘాచర్ ఘోచర్" కన్నా సరిపోయేది నాకు కనిపించలేదు. కన్నడ నవల, నేను శ్రీనాథ్ పేరూరు ఇంగ్లీషు అనువాదంలో చదివాను. బెంగళూరులో చీమలు పట్టిన చిన్న ఇంట్లో ఇరుగ్గా బతికిన కుటుంబం, చిన్నాన్న మసాలా వ్యాపారంతో డబ్బొచ్చి పెద్ద ఇంటికి మారుతుంది, డబ్బుతో పాటు ఇంట్లోకి ఇంకేదో కూడా వస్తుంది. ఆ పేరుకి ఏ భాషలోనూ అర్థం లేదు, విప్పలేనంతగా చిక్కుపడిందని చెప్పడానికి ఒక ఇంట్లో వాళ్ళు పుట్టించుకున్న మాట. చిన్న చిన్న అధ్యాయాలు, స్టేషన్ వచ్చేసరికి ఒకటి అయిపోతుంది. చివరి పేజీ మాత్రం రైలులో చదవకండి, ఇంటికొచ్చి చదవండి, ఎందుకో చదివాక తెలుస్తుంది.

పెరుమాళ్ మురుగన్ "మాదొరుబాగన్" నేను తమిళంలోనే చదివాను, కొంగు ప్రాంతపు మాట అర్థంకాని చోట ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకుని. కాళి, పొన్నా, పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లలు లేరు, ఊళ్ళో ప్రతి నోరూ దాని గురించే, తిరుచెంగోడు అర్ధనారీశ్వరుడి రథోత్సవంలో ఒక రాత్రి. కాళి తన చేత్తో నాటిన పూవరసు చెట్టు, మన గంగరావి, ఆ చెట్టు నీడలో మొదలయ్యే మొదటి పేజీలు ఎవరికైనా చూపించాలనిపిస్తుంది. ఈ నవల మీద గొడవ అయ్యి 2015 జనవరిలో ఆయన రచయితగా తాను చనిపోయానని ప్రకటించారు, 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చాక మళ్ళీ రాశారు. ఆ తిరిగి వచ్చిన నవల "పూనాచ్చి", ఒక నల్ల మేకపిల్ల కథ. పిల్లలు లేని బాధలో ఉన్నవాళ్ళకి మాదొరుబాగన్ ఇవ్వకండి, అది ఓదార్చే పుస్తకం కాదు. వాళ్ళ పక్కన ఉండి తెలిసో తెలియకో "ఇంకా విశేషం లేదా" అని అడిగే చుట్టాలకి ఇవ్వండి. మురుగన్‌ని మొదటిసారి చదివేవాళ్ళు పూనాచ్చితో మొదలుపెట్టడం మంచిది, పొట్టిది, పన్నెండేళ్ళ పిల్లలు కూడా చదవగలరు, పెద్దవాళ్ళకి అందులో ఇంకో కథ కనిపిస్తుంది. అసలు నవలంటేనే ఓపిక లేనివాళ్ళు 2025లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చిన బాను ముష్తాక్ కన్నడ కథల ఇంగ్లీషు పుస్తకం "హార్ట్ ల్యాంప్" చూడొచ్చు, 12 కథలే.

పెద్దవాటికి వస్తే, 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో బహుమతిని రెండు నవలలు పంచుకున్నాయి: విశ్వనాథ సత్యనారాయణ "వేయిపడగలు", అడివి బాపిరాజు "నారాయణరావు". తొంభై ఏళ్ళు దాటాక కూడా ఏది తీసుకోవాలని అడిగేవాళ్ళున్నారు, ఆ ఆలోచనే నాకు సంతోషం. వేయిపడగలు నేను రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను, రెండుసార్లూ ప్రయాణాల్లో. మూడోసారి ఇంట్లో, వేసవిలో, తెల్లవారుజామున కాఫీ తాగాక 20 పేజీల చొప్పున చదివాను, రెండు నెలలు పట్టింది, అప్పుడు గానీ సుబ్బన్నపేట నాకు ఊరులా కనిపించలేదు. విశ్వనాథ ధర్మం అనుకున్నదాంతో, కులం గురించి ఆయన నమ్మినదాంతో నాకు చాలా చోట్ల ఒప్పుదల లేదు, అంచులో రాసుకుంటూ వాదించుకుంటూనే చదివాను. కానీ ఒక ఊరు మెల్లగా, ఇటుక ఇటుకగా కూలిపోవడాన్ని అంత ఓపిగ్గా రాసిన మనిషి ఇంకొకరు లేరు, అది ఒప్పుకోవాలి. నారాయణరావు హాయిగా నడుస్తుంది. బాపిరాజు చిత్రకారుడు కూడా, రంగులూ వెన్నెలా గోదావరీ అన్నీ కళ్ళ ముందుంటాయి, జమీందారు కూతురు శారదకీ నారాయణరావుకీ మధ్య దూరం తగ్గుతుందా అన్నదే కథని లాక్కెళ్తుంది. తీరిక లేనివాళ్ళకి, పెద్ద నవల ఎప్పుడూ పూర్తి చేయనివాళ్ళకి నారాయణరావు. రిటైరయినవాళ్ళకి, రోజూ ఒకే వేళకి కూర్చోగలిగినవాళ్ళకి వేయిపడగలు. అది పూర్తి చేసినవాళ్ళు ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి" తప్పకుండా చదవాలి, అదే పల్లెని మాలవాడ నుంచి చూస్తే ఎలా ఉంటుందో అందులో ఉంది, 1922 నాటిది, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిన పుస్తకం. రెండూ చదివితేనే లెక్క సరిపోతుంది.

కొనే ముందు ఒక జాగ్రత్త. ఈ ఏడాది నేను ఒక దుకాణం నుంచి పోస్టులో తెప్పించుకున్న పాత నవలలో ఒక ఫారం మొత్తం లేదు, అంటే 16 పేజీలు, దాని బదులు ముందు ఫారమే రెండుసార్లు కుట్టి ఉంది. సరిగ్గా కథ మలుపు దగ్గర. ఫోన్ చేస్తే ఆ ముద్రణ అయిపోయిందన్నారు. కాబట్టి పుస్తకం చేతికి రాగానే పేజీ నంబర్లు ఒకసారి తిప్పి చూసుకోండి, పది రోజులు దాటితే ఎవరూ మార్చరు. చెన్నైలో జనవరి పుస్తకాల పండుగ ఎంత పెద్దదైనా తెలుగు స్టాల్ కోసం వెతుక్కోవాల్సిందే. దొరకని పుస్తకానికి నా దారి ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీ, వడపళనిలో మెట్రో ఎక్కితే నేరుగా ఎగ్మూరులో దిగొచ్చు. దేశంలో అచ్చయ్యే పుస్తకాల్ని చట్టం ప్రకారం ఒక్కో ప్రతి పంపాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి, అందుకని తెలుగు కూడా ఉంటుంది. సొంత పుస్తకం పట్టుకెళ్ళి కూర్చుని చదువుకోవాలంటే కోట్టూరుపురం అణ్ణా శతజయంతి గ్రంథాలయంలో దానికి వేరే చోటు ఉంది, ఇంట్లో పిల్లల గోల ఉన్నవాళ్ళు అక్కడికి వెళ్ళండి.

చివరిగా, ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల సంగతి. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, బళ్ళో తమిళం, ఇంగ్లీషు, హిందీ, తెలుగు అక్షరం మాత్రం రాదు. వాళ్ళకి పుస్తకం కొనిచ్చి లాభం లేదు, చదివి వినిపించాలి. వినిపించడానికి అన్ని నవలలూ పనికిరావు. అంపశయ్య కుదరదు, వేయిపడగలు అసలు కుదరదు. కేశవరెడ్డి కుదురుతుంది, కానీ రాత్రిపూట భయపడతారు. నేను ఎన్ని ప్రయత్నించినా గెలిచింది మొక్కపాటి నరసింహశాస్త్రి "బారిస్టరు పార్వతీశం", మొదటి భాగం 1924 నాటిది, మొగల్తూరు కుర్రాడు బారిస్టరు అవుదామని ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయలుదేరడం. మా అక్క కూతురికి ఈసారి కేశవరెడ్డి ఒక్కటే ఇచ్చాను, వాళ్ళబ్బాయికి మాత్రం రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్లో ఏడెనిమిది పేజీలు పార్వతీశం చదువుతున్నాను. నిన్నటికి పార్వతీశం మద్రాసులో రైలు దిగాడు. "అమ్మమ్మా, మన సెంట్రల్లోనేనా?" అని అడిగాడు వాడు. ఇవాళ ఇంకో పది పేజీలు ఎక్కువ చదవాలట.